కూర్చున్నప్పుడొక రక్తపోటు, నిలుచున్నప్పుడొకటి

వేసవి దినములలో హుజూరాబాదు ప్రాంతపు పల్లెలలో పెద్దలు వాకిట మంచము వేసికొని పరుండుట వాడుక. తెల్లవారుజామున కోడి కూయగనే ఇంటి అవ్వ మంచము మీదినుండి చప్పున లేచును, రెండడుగులు వేయును, కన్నులకు చీకట్లు క్రమ్మును, చేతికందిన గోడనో గుంజనో పట్టుకొనును. పట్టు దొరకినచో గండము గడచినట్లే. దొరకనినాడు క్రిందబడును. డెబ్బది యేండ్ల వయస్సులో పడిన పాటు చిన్నది కాదు. తుంటి యెముక విరిగినచో నెలల తరబడి మంచము పట్టవలసి వచ్చును. ఆ తరువాత మునుపటివలె నడువగలుగువారు అందరును కారు. ఇంటిలోనివారు ఆశ్చర్యపడుదురు: "మొన్ననే గదా దవాఖానలో బి.పి. చూపించితిమి! బాగున్నదని చెప్పిరి గదా!"

దవాఖానలో చెప్పినది అబద్ధము కాదు. కాని అచ్చట చూచినది కుర్చీలో కూర్చున్న మనిషి రక్తపోటు. పడిపోయినది నిలుచున్న మనిషి. ఈ రెండింటి నడుమ నున్న భేదమే మా ప్రసంగ విషయము. పరుండుట, కూర్చుండుట, నిలుచుట అను భంగిమలు మారునప్పుడు గుండెయు రక్తనాళములును ఏమి చేయును? ఆ పనిని సూది గ్రుచ్చక, రక్తము చిందక, బయటనుండియే కొలుచుట యెట్లు? అందులో ఎంత భాగమును మన యింటనే చేతిపట్టీతోను గడియారముతోను చూచుకొనవచ్చును? ఈ మూడు ప్రశ్నలకు వరుసగా సమాధానము చెప్ప యత్నింతుము.

పల్లమునకు జారు రక్తము

పెద్ద వయసు వచ్చిన మనిషి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తము కలదు. పరుండినప్పుడు తల, గుండె, పాదములు దాదాపు ఒకే మట్టమున నుండును గనుక రక్తము ఒకవైపునకు జారవలసిన పని లేదు. లేచి నిలువగనే భూమి యాకర్షణ తన పని మొదలిడును. అర లీటరు మొదలు ముప్పావు లీటరు వరకు రక్తము ఛాతీనుండి దిగి కడుపులోని సిరలయందును కాళ్ళలోని సిరలయందును చేరును. సిరలు మెత్తని గొట్టములు. లోపలి ఒత్తిడి పెరిగినకొలది ఉబ్బి చోటిచ్చును.

కాకతీయ కాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. నీరు తనంతట పల్లమునకే పోవును. మెరక మడికి అందవలెనన్న కాలువలో మట్టము నిలువవలెను. నిలుచున్న మనిషికి మెదడే మెరక మడి.

ఈ మాటనే అంకెలలో చెప్పుకొందము. రక్తపు ఒత్తిడిని పాదరసపు మిల్లీమీటర్లలో లెక్కించుట ఆచారము. నిలువుగా నున్న రక్తములో ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తునకు సుమారు 8 మిల్లీమీటర్ల భేదము వచ్చును. నిలుచున్నవాని మెదడు గుండెకంటె సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తున నుండును. గుండె వద్ద సగటు ఒత్తిడి 95 ఉన్నదనుకొనినచో, మెదడునకు చేరునప్పటికి అది 70 ప్రాంతమునకు దిగును. అదే సమయమున, గుండెకు 120 సెంటీమీటర్ల దిగువనున్న పాదము వద్ద 185 దాటును. ఒకే మనిషి, ఒకే క్షణము, కాని ఎత్తును బట్టి ఒత్తిడి ఇంత మారును. ఈ అంకెలు మరల పనికివచ్చును, గుర్తుంచుకొన గోరెదము.

కాళ్ళలోనికి దిగిన రక్తము గుండెకు తిరిగి వచ్చుట తగ్గును. వచ్చినంతయే గదా గుండె పంపగలుగునది! కావున నిలుచున్నప్పుడు గుండె ఒక్కొక్క కొట్టుటలో చిమ్ము రక్తము దాదాపు మూడవ వంతు తగ్గును. శరీరము ఊరక చూచుచుండినచో నిలుచున్న ప్రతి మనిషియు కొద్ది క్షణములలోనే పడిపోవలసినదే. పడిపోకుండుటకు కారణము మన మెడలో నున్నది.

మెడలోని కావలివాండ్రు

మెడకు ఇరుప్రక్కల, దవడ క్రింద, మెదడునకు రక్తము గొనిపోవు పెద్ద ధమనులు రెండుగ చీలుచోట గోడలయందు సన్నని నరపు కొనలు గలవు. గుండెనుండి బయలుదేరు మహాధమని వంపునందును ఇట్టివే యున్నవి. ధమని గోడ ఎంత సాగుచున్నదో కనిపెట్టుటయే వీని పని. లేచి నిలువగనే ఒత్తిడి తగ్గి గోడ సాగుట తగ్గును. ఆ వార్త తక్షణమే మెదడు అడుగు భాగమునకు చేరును. అచ్చటినుండి రెండు ఆజ్ఞలు వెడలును. మొదటిది గుండెమీది కళ్ళెమును వదలుట. దీనితో ఒకటి రెండు కొట్టులలోనే నాడి వేగము పెరుగును. రెండవది చిన్న ధమనులను, సిరలను బిగించుట. దీనికి కొన్ని క్షణములు ఎక్కువ పట్టును.

ఆరోగ్యవంతునిలో ఇది యంతయు అర నిమిషములో చక్కబడును. నాడి నిమిషమునకు 10 నుండి 20 సార్లు పెరుగును. రక్తపోటు పై అంకె కొంచెము దిగును, లేదా అట్లే యుండును. క్రింది అంకె 5 నుండి 10 వరకు పెరుగును. రోజునకు ఎన్నో పర్యాయములు మనము లేచుచుందుము. ప్రతిసారియు ఈ లెక్క మనకు తెలియకుండ జరిగిపోవుచుండును.

వీరికి తోడుగ మరియొక సహాయకుడు గలదు. అది పిక్కల కండరము. అడుగు వేసినప్పుడెల్ల పిక్క బిగిసి సిరలను పిండును; సిరలలోని కవాటములు రక్తమును వెనుకకు జారనీయవు; అది పైకే పోవును. అందుచేత నడచువానికంటె కదలక నిలుచున్నవానికే ఇబ్బంది యెక్కువ. జెండా పండుగనాడు ఎండలో వరుసగా నిలువబెట్టిన బడిపిల్లలలో ఒకరిద్దరు సొమ్మసిల్లుట మనము చూచుచునే యున్నాము. వారికి తిండి చాలలేదని యనుకొందుము గాని, పిక్కలు కదలనీయకుండుట కూడ ఒక కారణమే.

ఈ ఏర్పాటంతయు భూమి యాకర్షణ కొరకే యని తెలిసికొనవలెనన్న ఆకర్షణ తెలియని చోటికి పోయినవారిని చూడవలెను. హైదరాబాదులో చదువుకొన్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిలులో సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రమున గడపెను. అచ్చట నిలుచుట, పరుండుట అను భేదము లేదు. రక్తము తలవైపు చేరి వ్యోమగాముల ముఖము ఉబ్బును, కాళ్ళు సన్నగిల్లును. నరముల కావలి పని తగ్గి, శరీరములోని నీటి పాలు కూడ తగ్గును. భూమిపై దిగిన పిదప పెక్కుమందికి కొంతకాలము నిలుచుట కష్టమగును. అందుకే వ్యోమగాములకు నిలువబెట్టి రక్తపోటు చూచు పరీక్ష తప్పనిసరి. పది దినములు జ్వరముతో మంచము పట్టి లేచిన మన యింటి ముసలివాని స్థితియు ఇట్టిదే. ఆతడు అంతరిక్షమునకు పోలేదు. కాని ఆతని రక్తనాళములు పది దినములు బరువు మరచిపోయినవి.

గుఱ్ఱమునుండి చేతిపట్టీ వరకు

ఇక కొలత మాట. శరీరమునకు గాయము చేయని పరీక్షలలో మొదటిది నాడి చూచుట. తెలుగునాట వైద్యులు ఆధారముగ గైకొన్న బసవరాజీయమందు నాడీపరీక్ష వివరింపబడినది. చేతిమీద వ్రేళ్ళుంచి నాడి వేగమును, నడకను, బలమును గ్రహించుట మన పెద్దలకు తెలిసిన విద్య. కాని ఒత్తిడి ఇంత యని అంకె చెప్పుట వ్రేళ్ళకు సాధ్యము కాదు.

ఆ అంకెను మొదట చూచినది ఇంగ్లండులో స్టీఫెన్ హేల్సు అను మతాచార్యుడు. ఆతడు గుఱ్ఱమును కట్టివేసి దాని ధమనిలో గొట్టమును గ్రుచ్చి, దానికి పొడవైన గాజు గొట్టమును నిలువుగ తగిలించెను. రక్తము ఎనిమిది అడుగులకు పైగ ఎక్కి, గుండె కొట్టుకొన్నప్పుడెల్ల పైకి క్రిందికి ఆడెను. ఈ సంగతి 1733లో ప్రకటింపబడినది. కొలత నిజమైనదే, కాని ఏ రోగియు ఒప్పుకొనదగినది కాదు.

గాయము లేని దారి 1896లో దొరకినది. ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి చేతికి గాలిపట్టీ చుట్టి, దానిని ఉబ్బించి, మణికట్టు నాడి ఆగిపోవువరకు బిగించెను. నాడి ఆగినచోటి పాదరసపు మట్టమే పై అంకె. 1905లో రష్యా వైద్యుడు కొరొట్‌కోఫ్ పట్టీ క్రింద స్టెతస్కోపు నుంచి వినెను. పట్టీని వదలుచున్నప్పుడు టప్ టప్ అను ధ్వని మొదలగునది పై అంకెయని, ఆ ధ్వని మాయమగునది క్రింది అంకెయని తేలినది. నేడు ఇండ్లలోను గ్రామ దవాఖానలలోను ఉన్న బ్యాటరీ యంత్రము చెవితో వినదు. పట్టీలోని గాలియందు కలుగు సన్నని అదురులను గ్రహించి లెక్కగట్టును. మార్గము వేరైనను సూత్రము ఒక్కటే: లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడితో తూచుట.

పట్టీకి అందని పదిహేను క్షణములు

చేతిపట్టీకి ఒక లోపమున్నది. అది ఉబ్బి, దిగి, అంకె చూపునప్పటికి అర నిమిషమో అంతకు మించియో పట్టును. లేచిన మనిషి రక్తపోటు అన్నిటికంటె లోతుగ పడునది మొదటి పదిహేను క్షణములలో. పట్టీ అంకె చూపునప్పటికి ఆ పడిపోవుటయు, మరల లేచుటయు రెండును ముగియవచ్చును. చప్పున లేచిన పడుచువారికి ఒక్క క్షణము కన్ను చీకటియై వెంటనే తేరుకొనుట ఇట్టిదే. దీనిని చూడవలెనన్న గుండె ప్రతి కొట్టుటను విడిగా కొలువవలెను.

దానికి వెలుగు తోడ్పడినది. కోవిడు కాలమున మన యిండ్లలోనికి వచ్చిన ఆక్సిమీటరు అందరికి గుర్తుండును. వ్రేలికి తగిలించు ఆ చిన్న పరికరము వ్రేలిగుండ కాంతిని పంపును. గుండె కొట్టినప్పుడు వ్రేలిలో రక్తము హెచ్చి కాంతి తగ్గును. కొట్టుటల నడుమ కాంతి హెచ్చును. చెకోస్లొవేకియా శాస్త్రజ్ఞుడు యాన్ పెన్యాజ్ 1973లో ఇట్టి వెలుగునకు ఒక చిన్న గాలిపట్టీని జతచేసెను. వ్రేలిలో రక్తము హెచ్చబోవు క్షణముననే పట్టీ అంతే బిగియును; తగ్గబోవు క్షణముననే సడలును. వ్రేలి ధమని పరిమాణము మారకుండ నిలుపుటకు పట్టీ ఎంత బిగియవలసి వచ్చినదో అదియే ఆ క్షణపు రక్తపోటు. ఈ ఉపాయముతో లేచుట, పడుట, కోలుకొనుట యంతయు గీతగ కాగితముమీదికి వచ్చినది.

ఇతర సాధనములును గలవు. గుండె విద్యుత్తును గీతగ చూపు ఇ.సి.జి. నాడి లయను కొట్టుటకు కొట్టుటకు చూపును. లేచిన పిదప సుమారు 15వ కొట్టు వద్ద గుండె అతివేగముగ నుండి, 30వ కొట్టు వద్దకు నెమ్మదించుట ఆరోగ్య లక్షణము. 30వ కొట్టు వద్ది యెడమును 15వ కొట్టు వద్ది యెడముతో భాగించి చూచు పరీక్షను ఎడింబరో వైద్యుడు యూయింగు మొదలగువారు మధుమేహ రోగులలో వాడిరి. ఆ ఫలితము 1.04 గాని అంతకు మించి గాని యున్నచో మంచిది. 1కి మించనిచో గుండెకు పోవు నరములు దెబ్బతిన్నవని అనుమానింపవలెను. మరియొక విధానమున ఛాతీ గుండ తెలియరానంత సన్నని విద్యుత్తును పంపుదురు. రక్తము విద్యుత్తునకు సులువైన దారి గనుక, ఛాతీలో రక్తము తగ్గినకొలది అడ్డంకి పెరుగును. ఆ మార్పునుండి గుండె ఒక్క కొట్టుటలో ఎంత రక్తము పంపినదో లెక్కింతురు. 1966లో అమెరికాలో కుబిచెక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనిని వ్యోమగాముల నిమిత్తము రూపొందించిరి.

పదే పదే సొమ్మసిల్లు వారికి వంగు బల్ల పరీక్ష చేయుదురు. రోగిని బల్లమీద పరుండబెట్టి పట్టీలతో కట్టి, బల్లను 60 నుండి 70 డిగ్రీల వరకు నిలబెట్టుదురు. రోగి తన కాళ్ళతో లేవలేదు గనుక పిక్కల సహాయము తక్కువ. భూమి యాకర్షణకు నరములు ఒంటరిగ నెట్లు జవాబు చెప్పునో తెలియును. కారణము తెలియని మూర్ఛలకు ఈ పరీక్షను వాడవచ్చునని 1986లో లండను వైద్యులు తెలిపిరి.

మన పల్లెలలో కొలిచిన ధమనులు

ఇట్టి కొలతలు పరదేశముల ప్రయోగశాలలకే పరిమితమని తలపరాదు. హైదరాబాదు సమీప గ్రామములలో 1987-90 నడుమ జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశోధన నడిపినది. కొన్ని గ్రామములలో గర్భిణులకును చిన్న పిల్లలకును అదనపు ఆహారము అందినది. కొన్నింట ఇంకను అందలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 యేండ్ల వారైన పిదప, 2003-05లో, వారి ధమనులను సూది లేకుండ పరీక్షించిరి. ఆహారమందిన గ్రామముల పిల్లల ధమనులు కొంత మెత్తగనున్నట్లు 2008లో ప్రకటించిరి. 2005లో హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థవారు చేతులకును కాళ్ళకును పట్టీలు చుట్టి, ఇ.సి.జి. జతచేసి, నాడి అల ధమనులలో ఎంత వేగమున పరుగిడునో కొలుచు యంత్రమును పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. అల వేగముగ పోయినకొలది ధమని బిరుసని అర్థము.

ఈ రెండు కొలతలును పరుండిన మనిషిపై చేయునవే. అయినను మన విషయమునకు వీనితో దగ్గరి బంధుత్వమున్నది. మెడలోని కావలివాండ్రు ధమని గోడ సాగుటను బట్టియే ఒత్తిడిని కనిపెట్టుదురని చెప్పితిమి. గోడ బిరుసెక్కినచో సాగదు. సాగనిచో వార్త సరిగ పోదు. వయస్సు, అధిక రక్తపోటు, మధుమేహము మూడును ధమనులను బిరుసు చేయును. అందుచేతనే పరుండినప్పుడు రక్తపోటు ఎక్కువగ నుండు పెద్దలకే, నిలుచున్నప్పుడు అది పడిపోవుటయు తరచుగ కలుగును. బి.పి. ఎక్కువ గలవానికి బి.పి. ఎట్లు తగ్గునని యడుగువారికి ఇదియే సమాధానము.

ఇంట చేయదగిన లెక్క

ఖరీదైన యంత్రములు లేకున్నను, అన్నిటికంటె పనికివచ్చు పరీక్ష ఇంటి యంత్రముతోనే చేయవచ్చును. దానికి కావలసినవి చేతిపట్టీ యంత్రము, గడియారము, కాగితము, ప్రక్కన తోడు మనిషి.

ఉదయమున, టీ గాని బీడీ గాని త్రాగక అర గంట ముందునుండి యుండి, మూత్రవిసర్జన చేసికొని, మంచముమీద 5 నిమిషములు కదలక, మాటలాడక పరుండవలెను. పరుండియే ఒకసారి రక్తపోటును నాడిని చూచి వ్రాసికొనవలెను. పట్టీని తీయకుండ లేచి నిలువవలెను. ఒక నిమిషము కాగానే ఒకసారి, మూడు నిమిషములు కాగానే మరియొకసారి చూడవలెను. మంచము వెనుకనే యుండవలెను. తోడు మనిషి ప్రక్కనే నిలువవలెను. కండ్లు తిరిగినచో పరీక్షను మాని వెంటనే కూర్చుండబెట్టవలెను, లేదా పరుండబెట్టవలెను.

పెక్కుమంది పొరబడునది చేతి విషయమున. నిలుచున్నప్పుడు చేయి వ్రేలాడవేసినచో పట్టీ గుండె మట్టమునకు దిగువకు పోవును. 10 సెంటీమీటర్లకు 8 మిల్లీమీటర్ల లెక్క గుర్తున్నది గదా! పట్టీ 20 సెంటీమీటర్లు దిగినచో యంత్రము 16 ఎక్కువ చూపును. నిజముగ పడిన రక్తపోటు పడనట్లే కనిపించి, ఇంటిల్లిపాది మోసపోవుదురు. కావున తోడు మనిషి ఆ చేతిని తన భుజముమీదనో, గూటి అరుగుమీదనో నిలిపి పట్టీని గుండె మట్టమున నుంచవలెను.

నిలుచున్న మూడు నిమిషములలోపల పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని, అంతకు మించి గాని దిగినచో అది వైద్యునికి చెప్పవలసిన సంగతి. పరుండలేనివారు కుర్చీనుండి లేచి చూచుకొనవచ్చును. అప్పుడు పై అంకె 15 దిగినను లెక్కలోనిదే.

నాడి అంకెను విడువరాదు. మూడు ఉదాహరణలు చెప్పుదుము. ఒకరికి పరుండినప్పుడు 130/80, నాడి 72. నిలిచిన పిదప 126/86, నాడి 84. ఇది ఆరోగ్యము. రెండవవారికి 128/78, నాడి 74. నిలిచిన పిదప 104/68, నాడి 104. రక్తపోటు పడినది, కాని గుండె వేగముగ కొట్టి దానిని నిలుపజూచుచున్నది. నరములు బాగున్నవి; నీరో రక్తమో తక్కువైనది. మూడవవారికి 146/84, నాడి 72. నిలిచిన పిదప 118/70, నాడి 76 మాత్రమే. ఇంత పడినను గుండె మేలుకొనలేదు. ఇచ్చట నరములనే అనుమానింపవలెను. ఏండ్ల తరబడి మధుమేహమున్నవారిలో ఇట్టిది కనిపించును. గుండె నెమ్మదింపజేయు మాత్రలు వాడువారికి కూడ నాడి పెరుగకపోవచ్చును గనుక మాత్రల చీటీని అంకెల కాగితముతో జతచేసి చూపవలెను. పడుచువారిలో రక్తపోటు పడకుండ నాడి మాత్రము 30కి మించి పెరుగుచు, నిలువలేక బాధపడుచున్నచో అదియు వేరొక వ్యాధి లక్షణము, వైద్యుని సంప్రదింపవలెను.

ఎండ, మాత్ర, వరిమడి

మన ప్రాంతమున ఈ పడిపోవుటకు దారితీయు కారణములు చేతికందు దూరముననే యున్నవి. వేసవిలో ఎండ 43, 44 డిగ్రీలకు పోవును. చెమటతో నీరు, ఉప్పు పోవును. చర్మపు రక్తనాళములు చల్లదనము కొరకు విప్పుకొని రక్తమునకు చోటిచ్చును. వరినాట్లు వేయు స్త్రీలు గంటల తరబడి వంగియుందురు. అప్పుడు తల గుండె మట్టమునకు వచ్చును. నడుమెత్తి నిలిచిన క్షణమున మెదడు ఒక్కుమ్మడిగ మెరక యగును. విరేచనములు, జ్వరము, కడుపు నిండ తిన్న భోజనము, కల్లు, సారా, ఇవియన్నియు తోడగును. రక్తపోటు మాత్రలు, మూత్రము ఎక్కువ చేయు మాత్రలు, మగవారికి మూత్రపు ఇబ్బందికి ఇచ్చు కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు కూడ కారణములు కావచ్చును.

ఇచ్చటనే మేము గట్టిగ చెప్పవలసిన మాట యొకటి గలదు. కండ్లు తిరుగుచున్నవని బి.పి. మాత్రలను తమంతట మానివేయువారు పెక్కుమంది. అది గోడ దూకి బావిలో పడినట్లే. మాత్ర మానినచో పరుండినప్పుడును కూర్చున్నప్పుడును రక్తపోటు పెరిగి పక్షవాతమునకు దారి తీయును. రక్తపోటును సరిగ అదుపులో నుంచినవారికి నిలుచున్నప్పుడు పడిపోవుట ఎక్కువ కాదనియే పరిశోధనలు తెలుపుచున్నవి. ఏ మాత్రను మార్చవలెనో, ఏ వేళకు జరుపవలెనో నిర్ణయించుట వైద్యుని పని. ఆయన నిర్ణయమునకు ఆధారము కావలెను. మన కాగితముమీది మూడు వరుసల అంకెలే ఆ ఆధారము. "కండ్లు తిరుగుచున్నవి" యను మాటకు వంద అర్థములుండవచ్చును. 146 నుండి 118కి దిగినదను మాటకు ఒక్కటే అర్థము.

వైద్యుని చూచులోపల చేసికొనదగిన జాగ్రత్తలు సులువైనవి. మంచముమీదనే పిక్కలను పది పండ్రెండు సార్లు బిగించి వదలి, ఒక నిమిషము కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండి, పిదప పట్టు చూచుకొని లేవవలెను. గుండె, మూత్రపిండముల జబ్బువలన నీటికి కట్టడి లేనివారు లేవకముందు రెండు గ్లాసుల నీరు త్రాగిన మేలు. వేసవిలో మజ్జిగ, అంబలి మానరాదు. రాత్రి మూత్రమునకు పోవు దారిలో దీపముండవలెను. నిలుచున్నప్పుడు కండ్లు చీకట్లయినచో కాళ్ళు పెనవేసి తొడలు బిగించుట, లేదా వెంటనే క్రింద కూర్చుండుట మంచిది.

ఎవరైన సొమ్మసిల్లి పడినప్పుడు నలుగురు చేరి లేవనెత్తి కూర్చుండబెట్టి ముఖముమీద నీళ్ళు చల్లుట మన యలవాటు. ఉద్దేశము మంచిదే, పని తప్పు. మెదడునకు రక్తము చాలకనే పడినాడు. పడుటతో మెదడు గుండె మట్టమునకు వచ్చినది. మరల లేపి కూర్చుండబెట్టినచో మెరక మడిని మరల మెరక చేసినట్లే. వెల్లకిల పరుండబెట్టి కాళ్ళను మూరెడెత్తున నిలుపవలెను. తెలివి సరిగ వచ్చువరకు నోటిలో నీరు పోయరాదు. పరుండియుండగనే మూర్ఛ వచ్చినను, ఛాతీనొప్పి గాని గుండెదడ గాని తోడైనను, మాట తడబడినను, మలము నల్లగ పోవుచున్నను, తెలివి రాక ఆలస్యమైనను ఇంటి పరీక్షలతో ప్రొద్దు పుచ్చక 108కి ఫోను చేయవలెను.

పరుండిన అవ్వ మంచము దిగువేళ ఇంటిలోనివారు "మెల్లగ లే అవ్వా" అని చెప్పుట మన యిండ్లలో ఎప్పటినుండియో యున్నదే. ఆ మాటలోని శాస్త్రము ఇదియని ఇప్పుడు తెలిసినది. ఆ మాటకు తోడుగ వారమునకొకనాడు మంచము ప్రక్కన యంత్రమును, గడియారమును ఉంచుకొని, పరుండిన అంకెను, నిలుచున్న అంకెను వ్రాసి, ఈ తూరి దవాఖానకు పోవునప్పుడు ఆ కాగితమును వెంట గొనిపోవలెనని మా మనవి. కుర్చీలో కూర్చున్న అవ్వనే గాక, వాకిట నిలుచున్న అవ్వను కూడ వైద్యుడు అప్పుడు చూడగలుగును.